దోర, మాడు, వగరు: ఒక స్టౌట్‌ని తెలుగులో రుచి చూడటం

తెలుగులో “ఆయన తాగుతాడు” అంటే ఏం తాగుతాడని ఎవరూ అడగరు. “తింటాడు” అంటే మాంసమా, లంచమా అన్న సందేహమైనా వస్తుంది. తాగడానికి ఆ మాత్రం సందిగ్ధం కూడా లేదు. ఆ తర్వాత వచ్చే ప్రశ్న ఒక్కటే: ఎంత? దానికి మాత్రం మాటలకి కొదవ లేదు. పెగ్గు, క్వార్టరు, హాఫు, ఫుల్లు. బీరైతే లైటు, స్ట్రాంగు. ఎలా ఉందని అడిగితే “ఎక్కింది” లేదా “ఎక్కలేదు”. అన్నీ కొలతలే.

రుచి గురించి మాట్లాడాల్సి వచ్చేసరికి ఇంగ్లీషులోకి జారిపోతాం. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఏ మైక్రోబ్రూవరీకైనా వెళ్ళి మెనూ తీయండి. స్టౌట్ పేరు కింద డార్క్ చాక్లెట్, ఎస్‌ప్రెసో, ప్లమ్, లెదర్ అని ఉంటుంది. ప్లమ్ పండు జన్మలో కొరకని వాడు కూడా గుటక వేసి “అవును, ప్లమ్ తెలుస్తోంది” అంటాడు. తోలు వాసన అంటే మనకి గుర్తొచ్చేది కొత్త చెప్పులే గాని, ఆ మాట రాసినవాడి మనసులో ఉన్న పాత కుర్చీ కాదు. ఇదంతా దొంగ రసికత అని కొట్టిపారేయను. కానీ నాలుక ఒకటి చెబుతుంటే కాగితం మీద ఇంకొకటి చదువుకుని, కాగితాన్నే నమ్మే అలవాటు మనకి సాహిత్యంలోనూ ఉంది. కథ చదివి మనకేమనిపించిందో చెప్పేలోపే ఏదో ఒక ఇజం పేరు నోట్లోకి వచ్చేస్తుంది.

అందుకే ఒక పరీక్ష పెట్టుకున్నాను. బాగా పేరున్న ఒక నల్ల బీరుని పూర్తిగా తెలుగు మాటలతో సమీక్షించడం సాధ్యమా? సాధ్యమైతే ఆ మాటలు ఇంగ్లీషు మెనూ చెప్పనిదేమైనా చెబుతాయా?

ఎంచుకున్నది ఓల్డ్ రస్పుటిన్. కాలిఫోర్నియాలో నార్త్ కోస్ట్ బ్రూయింగ్ కంపెనీ చేసే రష్యన్ ఇంపీరియల్ స్టౌట్. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తరంగా సముద్రం వెంబడి వెళితే ఫోర్ట్ బ్రాగ్ అని ఒక చిన్న ఊరు వస్తుంది. ఒకప్పుడు కలప మిల్లు మీద బతికిన ఊరు. 1988లో అక్కడే ఈ బ్రూవరీ పెట్టారు. ఆల్కహాల్ 9 శాతం. చేదు కొలిచే ఐబీయూ లెక్కలో 75. ఇంత పాత పేరు, ఇంత నిలకడ ఉన్నది కాబట్టి ఒకసారి తాగి రాసింది ఇంకోసారి తాగి సరిచూసుకోవచ్చు. నేను ఒకే ప్యాక్‌లోని రెండు సీసాలు వారం తేడాతో, ఒకే గ్లాసులో తాగాను. ఒకటి ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే, రెండోది తీసి అరగంట బయట పెట్టాక. మిగతావేవీ మార్చలేదు.

లేబుల్ చెప్పే కథ

సీసా మీద గడ్డం రస్పుటిన్ చెయ్యెత్తి మనల్నే చూస్తుంటాడు. రష్యా రాణి కేథరిన్ ఆస్థానానికి 18వ శతాబ్దంలో ఇంగ్లాండ్ బ్రూవరీలు పంపిన బీరు సంప్రదాయంలో చేశామని కంపెనీ చెప్పుకుంటుంది. కేథరిన్ 1796లో పోయింది. రస్పుటిన్ చచ్చింది 1916లో. ఇద్దరికీ మధ్య నూట ఇరవై ఏళ్ళు. బీరు లండన్‌ది, రాణి రష్యాది, సన్యాసి ఇంకో కాలంవాడు, సీసా కాలిఫోర్నియాది. మన పౌరాణిక సినిమాల్లో ఏ యుగం కిరీటమైనా ఏ యుగం రాజుకైనా పెట్టేసినట్టు ఉంటుంది.

దీన్ని తప్పు పట్టడానికి చెప్పడం లేదు. ఒక చిన్న విషయం ఉంది. ఇంత నల్లటి బీరు సులువుగా చేయడానికి కావలసిన నల్ల మాల్ట్ కేథరిన్ కాలానికి లేదు. 1817లో డేనియల్ వీలర్ అనే ఆయన గింజల్ని మాడ్చే డ్రమ్ముకి ఇంగ్లాండ్‌లో పేటెంట్ తీసుకున్నాడు. కాఫీ గింజలు వేయించే పద్ధతే మాల్ట్‌కి వాడాడు. అంతకుముందు పోర్టర్లూ స్టౌట్లూ ఎక్కువగా గోధుమరంగు మాల్ట్‌తో చేసినవి. అంటే ఈ గ్లాసులో ఉన్న నలుపు రాణిగారిది కాదు, ఒక డ్రమ్ముది.

ఇంకో సంగతి. స్టౌట్ అంటే మొదట నలుపు అని కాదు, బలమైనది అని. స్టౌట్ పోర్టర్ అంటే గట్టి పోర్టర్. తర్వాత్తర్వాత బలం పోయి రంగు మిగిలింది. అందుకే గిన్నిస్ డ్రాఫ్ట్ చూడటానికి తారులా ఉన్నా ఆల్కహాల్ 4.2 శాతమే. మన దగ్గర స్ట్రాంగ్ అని రాసి అమ్మే పసుపు బీర్లు చాలావాటికన్నా తక్కువ. నలుపు చూసి బెదరడం లైటు, స్ట్రాంగు భాష నేర్పిన అలవాటే.

ఈ కథలో మనకీ ఒక మూల ఉంది. బ్రిటిష్ వాళ్ళ కాలంలో ఇండియాకి వచ్చిందంటే అందరూ ఐపీఏ గురించే చెబుతారు. అది ఎక్కువగా దొరల బల్లల మీది బీరు. కంటోన్మెంట్లలో మామూలు సిపాయిల కోసం ఓడల్లో పీపాలకొద్దీ దిగింది పోర్టర్. పేరు మాత్రం ఐపీఏకి దక్కింది.

దోర నుంచి మాడు దాకా

మాల్ట్ అంటే మనకి తెలియనిదేం కాదు. రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, వేయించి పొడి కొడితే రాగి మాల్ట్. బార్లీతోనూ అదే పని. తేడా అంతా వేయించడంలో ఉంది. ఇక్కడే నాకు తెలుగు మీద గౌరవం పెరిగింది.

ఇంగ్లీషులో రోస్టెడ్ అన్న ఒక్క మాట మీద చాలా భారం వేస్తారు. మన వంటింట్లో పప్పు వేయించే మనిషిని అడగండి. పచ్చి వాసన పోయేదాకా వేయించడం వేరు. కమ్మటి వాసన వచ్చేదాకా వేరు. దోరగా వేయించడం వేరు, ఎర్రగా వేయించడం వేరు. అది దాటితే మాడు. మాడులో కూడా అడుగంటిన మాడు, బొగ్గయిన మాడు ఒకటి కాదు. ఇవి రంగుల పేర్లు మాత్రమే కావు, ఎక్కడ ఆపాలో చెప్పే మాటలు. “దోరగా” అని రాయగానే చెయ్యి స్టవ్ వైపు వెళుతుంది.

బ్రూవరీవాళ్ళు చేసేదీ ఇదే. లేత మాల్ట్, ఆంబర్, బ్రౌన్, చాక్లెట్ మాల్ట్, చివరికి బ్లాక్ మాల్ట్. చాక్లెట్ మాల్ట్‌లో చాక్లెట్ ఉండదు, ఆ రంగుకి ఆ పేరు. చివరి మెట్టులో వేడి 200 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. దోర దగ్గర పుట్టే కమ్మదనానికి చాలావరకు కారణం చక్కెరలూ అమైనో ఆమ్లాలూ వేడికి కలిసి జరిపే చర్య. దాన్ని 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త మేయార్ వివరించాడు. రొట్టె పైపొర, వేయించిన వేరుశనగలు, కాఫీ గింజ, ఉల్లిపాయ వేపుడు, అన్నిట్లోనూ ఆయనే ఉన్నాడు. ఆ హద్దు దాటాక చేదు మొదలవుతుంది.

మంచి ఇంపీరియల్ స్టౌట్ చేయడమంటే ఈ మెట్లన్నీ ఒకే కుండలో వినపడేలా చేయడం. అడుగున దోర, మధ్యలో ఎరుపు, పైన చిటికెడు మాడు. మాడు ఎక్కువైతే అడుగంటిన పాయసం. తక్కువైతే బెల్లం నీళ్ళు.

మూడు దశలు

ముందు చల్లటి సీసా. గ్లాసులో పోస్తే వెలుతురుకి ఎత్తి పట్టుకున్నా ఏమీ కనపడదు, అంచుల్లో కూడా ఎరుపు తగలదు. నురగ లేత కాఫీ రంగులో, సన్నటి బుడగలతో వస్తుంది. వాసన తక్కువ. మొదటి గుటకలో చేదు, వెనకాలే గ్యాస్ చురుకు. తీపి ఉన్నట్టుంది కానీ ఎక్కడో వెనక గదిలో ఉంది. ఇంతవరకూ చూసి తీర్పు చెప్పమంటే “బాగా చేదుగా ఉండే నల్ల బీరు” అంటాను. అంతకుమించి చెప్పడానికి లేదు.

ఇక అరగంట బయట పెట్టిన సీసా. ఇది వేరే బీరు. వాసనలోనే తాటిబెల్లం వస్తుంది. తెల్ల చక్కెర తీపి కాదు, కొంచెం మట్టి, కొంచెం పొగ కలిసిన తీపి. దాని పక్కన ఏడాది నిలవున్న చింతపండు. కొత్త చింతపండుకి పులుపే ఉంటుంది. నల్లబడ్డ పాత చింతపండుకి పులుపు తగ్గి ఎండు ఖర్జూరం లాంటి లోతు వస్తుంది. ఇంగ్లీషు మెనూ ప్లమ్ అనీ, రైజిన్ అనీ వెతుక్కునేది ఇక్కడే అనుకుంటాను. నాకు మాత్రం చింతపండు అన్నాక అనుమానం తీరిపోయింది. ఎందుకంటే అందులో ఆ సన్నటి పులుపు కూడా ఉంది. ప్లమ్ అన్న మాట దాన్ని దాచేసింది.

నోట్లో చిక్కదనం. దీనికి ఉలవచారు కన్నా దగ్గరి పోలిక దొరకలేదు. ఉలవలు ఉడికించిన కట్టుని గంటల తరబడి మరిగించి దగ్గరపెట్టినప్పుడు వచ్చే ఆ నల్లటి, నాలుకని పట్టుకునే చిక్కదనం. తీపీ కారం కాని, ఇంకో ముద్ద కలుపుకోమనే రుచి. ఉలవచారు మీద మీగడ వేసుకునేవాళ్ళకి పాల చక్కెర కలిపే మిల్క్ స్టౌట్ ఎందుకు పుట్టిందో వేరే చెప్పక్కర్లేదు. నల్లటి వగరుకి తెల్లటి మెత్తదనం తోడు కావాలి.

చేదు దగ్గరికొస్తే రెండు చేదులు విడివిడిగా తెలుస్తాయి. ఒకటి వేయించిన మెంతుల చేదు, వాసనతో కలిసి వచ్చేది, మాల్ట్‌ది. రెండోది కాకరకాయ చేదు, పచ్చిగా, నాలుక వెనక కూర్చునేది, హాప్స్‌ది. చల్లగా ఉన్నప్పుడు రెండూ కలిసిపోయి ఒకటే గోడలా నిలబడ్డాయి. వెచ్చబడ్డాక మెంతులు ముందుకొచ్చి కాకర వెనక్కి తగ్గింది. బిట్టర్ అన్న ఒక్క మాటతో ఈ కదలిక చెప్పలేం.

అడుగు గ్లాసు. నలభై నిమిషాలు దాటాయి. గ్యాస్ దాదాపు పోయింది. ఇప్పుడు 9 శాతం తెలుస్తుంది. గొంతులో మిరియాల చారు దిగినంత వేడి. ఇంతసేపూ తీపి వెనక దాక్కున్న మనిషి వెళ్ళేముందు చెయ్యెత్తి పలకరించినట్టు. మింగాక మిగిలేది వగరు. చాలాసేపు ఉండే, నోరు ఆరబెట్టే వగరు.

వగరుకి ఎన్ని మార్కులు

అమెరికాలో బీరు పోటీలకి న్యాయనిర్ణేతల్ని తయారుచేసే బీజేసీపీ అనే సంస్థ ఉంది. వాళ్ళ మార్కుల కాగితం మొత్తం 50. వాసనకి 12, చూపుకి 3, రుచికి 20, నోటి స్పర్శకి 5, మొత్తం మీద కలిగిన అభిప్రాయానికి 10. పని వల్ల ఇలాంటి పట్టికలంటే నాకు ఇష్టమే. ఎక్కడ విభేదిస్తున్నామో గీత గీసి చూపించుకోవచ్చు.

ఈ కాగితంలో వగరు ఎక్కడుంది? రుచిలో లేదు, నోటి స్పర్శలో ఉంది. చిక్కదనం, గ్యాస్, ఆల్కహాల్ వేడి, వీటన్నిటితో కలిపి ఆ 5 మార్కుల్లో సర్దుకోవాలి. 1970ల్లో మోర్టెన్ మైల్‌గార్డ్ బీరు పరిశ్రమ కోసం తయారుచేసిన రుచి చక్రంలోనూ అంతే. శాస్త్రం ప్రకారం అందులో తప్పు లేదు. ఉసిరికాయలోనో వక్కలోనో ఉండే టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లని పట్టుకుంటాయి, నోరు జారుడు పోయి గరుకవుతుంది. అది స్పర్శే.

కానీ మనం వగరుని ఆరు రుచుల్లో ఒకటిగా లెక్కపెట్టుకున్న వాళ్ళం. కషాయమని దానికి సంస్కృతంలో పేరు, పదార్థాల గుణాలు చెప్పేటప్పుడు తీపి, పులుపులతో సమానమైన స్థానం. నేరేడు పండు తిని “తియ్యగా ఉంది” అని ఎవరూ ఆపరు. “తీపీ వగరూ” అంటారు. వగరు లేని నేరేడు మనకి నేరేడే కాదు. అలాంటి నోటితో ఓల్డ్ రస్పుటిన్ తాగితే తూకం మారిపోతుంది. పోటీ కాగితం మీద మాడు గింజల వగరు ఒక లోపం, మోతాదు మించకపోతే క్షమించదగ్గ లోపం. నా నోటికి ఈ బీరు నిలబడిందే దాని మీద. తాటిబెల్లం తీపిని జిడ్డు కాకుండా ఆపింది ఆ వగరే. అది లేకపోతే సగం గ్లాసుకే మొహం మొత్తేది.

ఈ మధ్య పేరు తెచ్చుకున్న పేస్ట్రీ స్టౌట్లలో జరుగుతున్నది సరిగ్గా ఇదే. వెనిలా, కొబ్బరి, మార్ష్‌మాలో, ఈస్ట్ తినలేని పాల చక్కెర, కొన్నిసార్లు బర్బన్ పీపాల్లో నిలవ. 12 శాతం, 14 శాతం. మొదటి గుటక అద్భుతంగా ఉంటుంది. నాలుగో గుటకకి ఎవరైనా పంచుకుంటే బాగుండుననిపిస్తుంది. రేటింగ్ యాప్‌లలో పై వరుసల్లో ఎప్పుడు చూసినా ఇంపీరియల్ స్టౌట్ల గుంపే ఉండటానికి ఇదొక కారణమనుకుంటాను. చాలామంది మార్కులు వేసేది చిన్న గ్లాసులో, రెండు గుటకలకి. రెండు గుటకల్లో గెలవాలంటే తీపి, బలం చాలు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా తోడుండాలంటే వగరు కావాలి. ఫోన్‌లో కథలు చదివే మనకి ఈ లెక్క కొత్త కాదు. మొదటి పేరాలో గెలిచి మూడో పేజీకి మొహం మొత్తే కథలు బోలెడు చూశాం.

ఈ మాటలు ఎవరివి

ఇక్కడిదాకా వాడిన మాటలన్నీ వంటింటివని మీరు గమనించే ఉంటారు. దోర, మాడు, మెంతులు, ఉలవచారు. ఇవి ప్రధానంగా ఆడవాళ్ళు కాపాడిన మాటలు. సీసా మాత్రం తెలుగు నేలమీద ఆ ఆడవాళ్ళ జీవితాల్లోకి ఇంకో రకంగా వచ్చింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం, 1995లో మద్య నిషేధం వచ్చాయి. రెండోది ఎక్కువ కాలం నిలవకుండానే సడలిపోయింది. మన భాషలో “తాగుతాడు” అన్న మాటకి అంత బరువు ఊరికే రాలేదు. తాగినవాడి దుఃఖానికి దేవదాసు ఉన్నాడు, తాగొచ్చినవాడి చేతిలో దెబ్బలు తిన్నవాళ్ళకి ఉద్యమం ఉంది. తాగినదాని రుచి గురించి రాసే తీరిక, ఆ సరదా ఎవరికి ఉండేది?

అందుకని రుచి గురించి రాయడమే తప్పని అనుకోను. నిజానికి ఆ ఎరుక తెలుగులో ఎప్పుడూ ఉంది, అచ్చులోకి రాలేదంతే. పోతుతాడు కల్లు వేరు, పండుతాడు కల్లు వేరు అని గీతకార్మికుడికి తెలుసు. పొద్దున దించినదాని తీపికీ, మాపటికి ఎక్కిన పులుపుకీ తేడా తాగేవాళ్ళకి తెలుసు. వాళ్ళనెవరూ సమీక్షలు రాయమని అడగలేదు. నాలాగా దిగుమతి సీసా ముందు కూర్చున్నవాడికి మాత్రం పదజాలం లేదని బాధ.

కానీ వంటింటి మాటలు తీసుకొచ్చి సీసాకి అలంకారంగా తగిలిస్తే అది ఇంకో రకం మెనూ అవుతుంది. “అమ్మమ్మ ఉలవచారుని తలపించే” అని రేపెవరో లేబుల్ మీద అచ్చువేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాటలకి విలువ వాటి ఖచ్చితత్వంలో ఉంది, వాటి మీద మనకున్న బెంగలో కాదు. దోర అన్నప్పుడు దోర దగ్గరే ఆగిందా లేదా అన్నది తేలాలి.

ఆ లెక్కన ఓల్డ్ రస్పుటిన్ గురించి నా తీర్పు ఇది. దోర బాగా కుదిరింది. మాడు హద్దులో ఉంది, ఒక్క అర మెట్టు తగ్గినా నష్టం లేదు. ఆ కాకర చేదు చల్లగా ఉన్నప్పుడు మిగతా అన్నిటినీ తొక్కేస్తుంది, ఇది దీని అసలు బలహీనత. బార్‌లో ఐసు చల్లగా ఇస్తే సగం బీరు మీకు అందదు. నురగ త్వరగా దిగిపోతుంది. చిక్కదనం, వగరు, చివరి వేడి, ఈ మూడింట్లో ఇది నేను తాగిన కొత్త తీపి స్టౌట్లకన్నా పైన ఉంది. బీజేసీపీ కాగితం మీద 50కి 40 వేస్తాను. వగరుకి రుచి గడిలో చోటిస్తే 43.

తెలుగులో ఎవరైనా రుచి చక్రం గీస్తే, బీరుకే అక్కర్లేదు, కాఫీకో కల్లుకో మామిడిపండుకో, వగరుకి ఒక పూర్తి ముక్క కేటాయించమని నా మనవి. ఈలోగా ఈ సీసా కొనేవాళ్ళకి: ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట ఆగండి. స్టీలు గ్లాసు వద్దు, రంగు కనపడదు. పక్కన జంతికలు పెట్టుకోండి, ఉప్పుకి తాటిబెల్లం ఇంకొంచెం ముందుకొస్తుంది. ఒక్క సీసా చాలు.